ఏడవని బందీ

కిందటి వారం మనం హిలారస్‌ని టంకశాలలో తన బల్ల ముందు, చేతిలో సన్నపు ఉలితో, గుండెల్లో గుబులుతో వదిలిపెట్టి వచ్చాం. ఆ పొద్దున అతని భార్య మిర్తాలే రొట్టెల అంగడి నుంచి పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చింది. వరసలో తన ముందు నిలబడ్డ ఒక బానిస ఆడమనిషి బుట్ట అందుకోవడానికి వంగినప్పుడు, మెడలోని నూలుతాడు బయటికి జారింది. తాడు చివర చిల్లు పొడిచిన కంచు నాణెం వేలాడుతోంది. ఆ మనిషి గబుక్కున దాన్ని గుడ్డలోకి తోసేసుకుంది గానీ మిర్తాలే చూడనే చూసింది. డాన్యూబ్ నది అవతలి దేశం మీద గెలుపుకి గుర్తుగా ఈ ఏడు కొత్తగా కొట్టిన నాణెం అది. దాని వెనకవైపు బొమ్మ తన మొగుడు చెక్కిందే.

"నాణేనికి చిల్లెందుకు పొడుచుకున్నట్టు? పొడుచుకుంటే పొడుచుకుంది, దొంగసొత్తులాగా దాచుకోవడం ఎందుకయ్యా?" అని అడిగింది మిర్తాలే.

హిలారస్ పనికి వెళ్ళిపోయాడు. జవాబు చాలా వెనక్కి వెళ్ళి చెప్పాలి.

ఆ నాణేనికి ఒకవైపు చక్రవర్తి తల, నుదుటి మీద జయమాల. రెండోవైపు ఓడిపోయిన డాకియా దేశం ఒక ఆడమనిషి రూపంలో నేల మీద కూర్చుని ఉంటుంది. ఆమె తల మీదుగా విజయస్తంభం, దానికి ఓడినవాళ్ళ డాళ్ళు, కత్తులు వేలాడుతుంటాయి. పైనుంచి వచ్చిన నమూనాలో ఆమె తల వంచుకుని, చెంపకు చెయ్యి ఆనించుకుని ఏడుస్తూ ఉంది. అచ్చులు చెక్కేవాళ్ళందరూ అలాగే చెక్కారు. హిలారస్ కూడా చాలా అచ్చులు అలాగే చెక్కాడు. ఒక్క అచ్చు దగ్గర మాత్రం అతని చెయ్యి అతని మాట వినలేదు. ఆ అచ్చులో ఆమె చెంప మీది చెయ్యి కిందికి దిగి, అరచెయ్యి నేలకు ఆనింది. తల కొంచెం పైకి లేచింది. ఏడుపు పోయింది.

హిలారస్ పుట్టింది ఆ డాకియా కొండల్లోనే. చాలా ఏళ్ళ కిందట జరిగిన ఇంకో యుద్ధంలో, పాలపళ్ళు ఊడే వయసులో, పిల్లలందరితో పాటు బండిలో వేసి తెచ్చారు. అమ్మకానికి నిలబెట్టిన తిన్నె మీద వాడు వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తుంటే వర్తకుడికి వేళాకోళం తోచి, నవ్వులవాడు అని అర్థం వచ్చేలా హిలారస్ అని పేరు పెట్టాడు. తల్లి పెట్టిన పేరు ద్రిల్గిస. అది మిర్తాలేకి కూడా తెలియదు.

బండి కదిలినప్పుడు వాడు చివరిసారి చూసింది తల్లినే. పట్టుబడ్డ మిగతా ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటుంటే ఆమె ఒక్కతీ రేవు దగ్గర దారి పక్క దుమ్ములో కూర్చుని, అరచెయ్యి నేలకు అదిమిపెట్టి, కళ్ళార్పకుండా బండి వైపు చూసింది. వాళ్ళ కొండల్లో మాట ఇవ్వడమంటే అదే. నువ్వు వచ్చేదాకా నేను ఉంటాను అని.

ఆ చెయ్యే ఇప్పుడు ఊరూరా బజార్లలో చేతులు మారుతోంది.

*

భోజనాల వేళ ఇంకా కాకుండానే సమ్మెటల చప్పుడు ఆగిపోయింది.

టంకశాలలో ఆ చప్పుడు ఆగడమంటే అందరూ తలెత్తాల్సిందే. కొలిమి దగ్గర పట్టకారుతో ఎర్రటి బిళ్ళను పట్టుకున్నవాడు దాన్ని అలాగే గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. సమ్మెట దించినవాడు నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటూ వాకిలి వైపు చూశాడు. వాకిట్లో నగర రక్షక దళం భటులు.

"హిలారస్! యుఫేమస్ గారు రమ్మంటున్నారు. ఉన్నపళంగా రమ్మన్నారు."

హిలారస్ ఉలి బల్ల మీద పెట్టబోతే అది దొర్లి కింద పడింది. వంగి తీసుకోబోతే వేళ్ళకు అందలేదు. రెండోసారికి అందింది.

"తలా, ఓడా?" అన్నాడు సమ్మెటవాడు వెనకనుంచి. ఒకవైపు తల, ఇంకోవైపు ఓడ అని వీధుల్లో నాణెం ఎగరేసి ఆడుకునే పందెం మాట. ఎవరూ నవ్వలేదు. అన్నవాడికి కూడా నోరు జారాననిపించినట్టుంది, సమ్మెట చూసుకుంటూ ఉండిపోయాడు.

నడవాలో నడుస్తూ హిలారస్ చెప్పాల్సిన మాటలు మనసులో కూర్చుకున్నాడు. ఉలి జారింది. కాదు, ఉక్కులో పగులుంది, అందుకని చెయ్యి కిందికి జరపాల్సి వచ్చింది. అదీ కాదు, నమూనా సరిగ్గా కనబడలేదు. ఒక్కో మాటా మొదట గట్టిగానే ఉన్నట్టుంటుంది, ఇంకో అడుగు వేసేసరికి చేతిలో మైనంలా కరిగిపోతుంది. చక్రవర్తి గెలుపు బొమ్మను మార్చిన బానిసను ఏం చేస్తారో అతనికి తెలుసు. అదృష్టం బాగుంటే గనుల్లో వెట్టిచాకిరీ. లేకపోతే పండగరోజున జనం ముందు, మృగాల ముందు.

మిర్తాలేకి ఇప్పుడు నెలలు నిండుతున్నాయి.

గదిలో టంకశాల అధికారి యుఫేమస్ నిలబడే ఉన్నాడు. ఆయన కూర్చోవాల్సిన కుర్చీలో రక్షక దళం శతాధిపతి టర్పిలియస్ కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొట్టిగా, చూడ్డానికి కిరాణా కొట్టువాడిలా ఉంటాడు. ముందున్న గిన్నెలో ఉడికించిన వేడి శనగలు. ఒక్కొక్కటే తీసుకుని, తొక్క ఊడదీసి, గింజ నోట్లో వేసుకుంటున్నాడు. తొక్కల పక్కనే బల్ల మీద పిడికెడు కంచు నాణేలు. అన్నిటికీ చిల్లులు.

"రావయ్యా, రా," అన్నాడు టర్పిలియస్. "ఇవి చూడు. ఇలా వెలుగులోకి పట్టుకుని చూడు. ఏం కనపడుతోంది?"

హిలారస్ ఒకటి తీసుకున్నాడు. ఒంటి వేడికీ చెమటకీ నల్లబడి ఉంది. చిల్లు సరిగ్గా విజయస్తంభం మీద పడింది, డాళ్ళూ కత్తులూ ఎగిరిపోయాయి. ఆడమనిషి మాత్రం చెక్కుచెదరలేదు.

"డాకియా బందీ, దొరా."

"అది నాకూ కనపడుతోంది. ఊరి బయట తిబుర్ వెళ్ళే దారిలో పారిపోతూ దొరికిన బానిసల మెడల్లో ఇవి దొరికాయి. ఒక పెద్దమనిషి ఇంట్లో వంటవాళ్ళు కట్టకట్టుకుని పని మానేస్తే సోదా చేశాం, వాళ్ళ మెడల్లోనూ ఇవే. అందరూ డాకియా వాళ్ళే." ఇంకో శనగ తీసుకున్నాడు. "నాణెం ఖర్చు పెట్టకుండా తాడు కట్టుకుని తిరిగే బానిసను నేనింతవరకూ చూడలేదు. పైగా ఏ నాణెం పడితే ఆ నాణెం కాదు. అన్నీ ఒకే అచ్చు. మిగతావాటిలో చెయ్యి చెంప మీద ఉంటుంది. వీటిలో నేల మీద ఉంది."

"పొరపాటు పడి ఉంటుంది దొరా," అన్నాడు యుఫేమస్. ఆయన మెడ మీద చెమట ధారకట్టింది. అచ్చులన్నీ చూసి సరే అనాల్సింది ఆయనే. "ఉలి జారి ఉంటుంది."

"ఉలి జారితే గీత పడుతుంది. చెయ్యి పడదు. ఎవడి అచ్చు ఇది?"

ఇంకొక్క క్షణం గడిస్తే హిలారస్ నాదే అనేసేవాడేమో. ఈలోగా యుఫేమస్ అందుకున్నాడు.

"నైకోన్‌ది అనుకుంటానండీ. ముసలివాడు. చూపు మందగించింది. ఏం చెక్కుతున్నాడో వాడికే తెలియదు ఈమధ్య."

ఆ మాట అంటున్నప్పుడు యుఫేమస్ హిలారస్ వైపు చూడలేదు. ఆయనకి తెలుసు. అచ్చు ఎవరిదో ఆయనకి తెలుసు. మంచి పనివాణ్ణి పోగొట్టుకోవడం కన్నా పనికిరాని ముసలివాణ్ణి వదులుకోవడం మేలని లెక్క వేసుకున్నాడు.

నైకోన్ హిలారస్‌కి గురువు. ఉలి ఎలా పట్టాలో, అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తిరగేసి ఎలా చెక్కాలో నేర్పినవాడు. రాత్రుళ్ళు అమ్మ కావాలని ఏడిస్తే తన రొట్టెలో సగం తుంచి చేతిలో పెట్టి, "నములు, నములుతూ ఏడవలేవురా," అన్నవాడు.

"అయితే ఆ ముసలివాణ్ణి రేపు మా దగ్గరికి పంపించు," అన్నాడు టర్పిలియస్. "బానిస చేత నిజం ఎలా చెప్పించాలో మావాళ్ళకి తెలుసు."

హిలారస్ ఒక అడుగు ముందుకేశాడు. "దొరా, నైకోన్..."

"ఆగు. నిన్ను పిలిపించింది దానికోసం కాదు." టర్పిలియస్ చేతులు దులుపుకున్నాడు. "నువ్వు ఆ వైపునుంచి వచ్చినవాడివట కదా. వాళ్ళ భాష వచ్చా?"

ఒక్క క్షణం హిలారస్‌కి అర్థం కాలేదు. తర్వాత అర్థమయింది. నన్ను పట్టుకోవడానికి పిలవలేదు. ఆ భాషలోంచి మార్చి చెప్పడానికి పిలిచారు. గుండె తేలికపడింది. తేలికపడినందుకు మరుక్షణమే సిగ్గేసింది. సిగ్గు వెనకే ఇంకో భయం వచ్చింది, తనవాళ్ళ నోట్లోంచి నిజం తనే లాగాల్సి వస్తుందని.

"చిన్నప్పుడు వచ్చు దొరా. మరిచిపోయాను."

"నోట్లో ఆడితే అదే వస్తుందిలే. తీసుకురండి దాన్ని."

భటులు ఒక ఆడమనిషిని లోపలికి తోశారు. నలభై దాటి ఉంటాయి. కంటి కింద కమిలిపోయింది. మెడ చుట్టూ ఎర్రటి చార, తాడు లాగేసిన చోట. ఆమె గదిలో ఎవరినీ చూడలేదు. గోడకీ నేలకీ మధ్య ఎక్కడో చూస్తూ నిలబడింది.

"దీని పేరు దిజ అని యజమాని చెప్పాడు. పట్టుకున్నప్పట్నుంచీ ఒక్క ముక్క మాట్లాడలేదు. అడుగు. ఈ చెయ్యికి అర్థమేమిటి? ఈ నాణెం ఎవరిచ్చారు? రెండే ప్రశ్నలు."

హిలారస్ నాణెం పట్టుకుని ఆమె ముందుకు వెళ్ళాడు. నోరు తెరిచాడు. ఆ భాషలో అతనికి పెద్దవాళ్ళ మాటలు లేవు. బండెక్కిన రోజున ఎన్ని మాటలు వచ్చో అన్నే ఉన్నాయి. ఆకలి, మేక, నీళ్ళు, అమ్మ, చలి.

"అవ్వా," అన్నాడు చివరికి. "ఈ సెయ్యి... ఏటి?"

ఆమె చూపు మెల్లగా గోడ మీదనుంచి అతని ముఖం మీదికి వచ్చింది. గడ్డం మాసిన పెద్దవాడి నోట్లోంచి పసివాడి మాట వస్తే ఎవరికైనా వింతగానే ఉంటుంది. ఆమె పెదవుల చివర ఏదో కదిలింది. తర్వాత అది ఆగిపోయింది. అతని కళ్ళనీ, చెవులనీ, నుదుటినీ పట్టి పట్టి చూసింది.

"నువ్వెవులి గుంటడివి?" అంది.

"అవ్వా, ఈ సెయ్యి..."

"సెయ్యి నన్నడగతావేటి? రేవు కాడ జియా కూకున్న కూకుడు కాదా అది? మా ఊరంతటికీ తెలుసు. నువ్వు జియా గుంటడివి. ద్రిల్గిసవి. సెవులు దాని సెవులే."

హిలారస్ చేతిలో నాణెం బరువెక్కింది. ఎవరూ పిలవక అడుగున పడిపోయిన పేరు అది. బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఏమంటోంది?" అన్నాడు టర్పిలియస్.

"నా... నా ఊరు అడుగుతోంది దొరా. నన్ను నమ్మడానికి."

"చెప్పు. నమ్మించు."

దిజ గొంతు తగ్గించింది. కానీ ఆగలేదు. ఇన్నాళ్ళూ మూసుకున్న నోరు ఒక్కసారిగా తెరుచుకుంది.

"బళ్ళు ఎల్లిపోయినాక సంధి అయినాది. ఆడోల్లని తిరిగి ఇచ్చీసినారు. పిల్లల్ని ఇవ్వలేదు, అప్పటికే అమ్మీసినారు కదా. మీయమ్మ ఇంటికి రానేదు. ఆ రేవు కాడే గుడిసె ఏసుకుంది. పొద్దు ఎక్కినప్పుడొకసారి, పొద్దు దిగినప్పుడొకసారి దారి పక్కన కూకుండీది, సెయ్యి నేలకి పెట్టి. పిచ్చిదని నవ్వీవోళ్ళం. నానూ నవ్వినాను. మల్లీ యుద్ధం వొచ్చి మమ్మల్నీ కట్టీసి తెచ్చినారు. నానూ అదీ ఒక్క బండిలోనే వొచ్చినాం."

హిలారస్ ఇంకో అడుగు దగ్గరికి జరిగాడు.

"వొచ్చినాదా?" అన్నాడు. అంతకుమించి మాట దొరకలేదు. "అమ్మ... ఈ ఊరు?"

"ఈ ఊర్లోనే ఉంది. అవెంటైన్ కొండ దిగువని, బట్టలుతికే కొట్టులో. ఉప్పు తెమ్మని ఎవులో దాని సేతిలో డబ్బెట్టినారు. అది సూసింది. సూసి సూసి ఆ తడి నేల మీద కూలబడిపోయినాది. తరవాత మేకు తీసుకుని సిల్లు పొడిసింది. ఆ కత్తుల మీదే పొడిసింది, సూసినావా? నా కొడుకు బతికున్నాడు, నాకు కబురెట్టినాడు అంది. అప్పుడు మేవందరం అలాటిదే ఒకటి సిల్లు పొడిసి ఇమ్మని అడిగినాం. మాకూ పిల్లలున్నారు కదా, బాబూ. మా పిల్లలూ ఎక్కడో ఉండే ఉంటారు కదా."

టర్పిలియస్ వేళ్ళతో బల్ల మీద కొట్టాడు. "చాలు, చాలు. ఇంతసేపేమిటి? చెప్పు."

అతనికి కావలసిన రెండు జవాబులూ ఇప్పుడు హిలారస్ నాలుక మీద ఉన్నాయి. ఆ చెయ్యి నువ్వు వచ్చేదాకా నేను ఉంటానని ఇచ్చిన మాట. ఆ నాణేన్ని మొదట మెడలో కట్టుకుని మిగతావాళ్ళకి దారి చూపించింది మా అమ్మ. ఇందులో ఏ ఒక్కటి బయటికొచ్చినా రేపు పొద్దు గూకేలోగా అవెంటైన్ కింద ఒక ముసలిదాన్ని జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తారు. తల్లీకొడుకులు ఒకరినొకరు తాకకముందే ఇద్దర్నీ కలిపి కొరడా దెబ్బలకి స్తంభానికి కడతారు.

దిజ హిలారస్‌నే చూస్తోంది. ఇతని నోట్లోంచి ఏమొస్తుందో ఆమెకి తెలియదు.

"దొరా," అన్నాడు హిలారస్. గొంతు తనది కాదన్నట్టు ప్రశాంతంగా వచ్చింది. "వాళ్ళ కొండల్లో ఓడిపోయినవాళ్ళు గెలిచినవాళ్ళ ముందు అలా కూర్చుంటారట. అరచెయ్యి నేలకి ఆనిస్తే శరణు అన్నట్టట. మేం లొంగిపోయాం, చంపొద్దు అని."

"లొంగిపోవడమా?"

"అవును దొరా. మెడలో కట్టుకుంటే యజమానులు కొట్టరని వాళ్ళ నమ్మకమట. రక్షరేకు లాంటిది. తెలివితక్కువ జనం."

ఆ ఆఖరి మాట అన్నప్పుడు నోట్లో చేదు ఊరింది. తల్లి ఏళ్ళ తరబడి నేలకు అదిమిపెట్టి ఉంచిన చేతిని తనే పట్టుకుని, కుక్క ముందు సాచినట్టు ఈ మనిషి ముందు సాచాడు. కానీ మాట అతికింది. యుఫేమస్ ముఖంలో రక్తం తిరిగి వస్తోంది.

"చూశారా దొరా, చూశారా! నేను చెప్పలేదూ? అయితే నైకోన్ తప్పు చెయ్యలేదు సరికదా, ఇంకా మేలు చేశాడు. చెంప మీద చెయ్యి అంటే ఏడుపే. ఇదయితే శరణాగతి! చక్రవర్తికి ఇంకా గౌరవం కదా!"

టర్పిలియస్ ఆయన వంక చూడలేదు. "ఎవరిచ్చారట?"

"బజారులో ఎవడో ఇచ్చాడట దొరా. చేపలమ్మేవాడట. పేరు తెలియదట, ముఖం గుర్తు లేదట."

"ఇంత పొడుగు మాట్లాడింది, ఇంతేనా?"

"పిల్లల గురించి చెప్పుకుంది దొరా. తన పిల్లల్ని అమ్మేశారట. వాళ్ళ కోసం ఏడుస్తోంది."

దిజ ఏడవడం లేదు. ఆ సంగతి టర్పిలియస్ కూడా గమనించాడో లేదో తెలియలేదు. గిన్నెలో ఆఖరి శనగని తీసుకుని, తొక్క తీసి, నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"బాగుంది," అన్నాడు. "చాలా బాగుంది. సబబుగా ఉంది. నీకు తెలివుంది, హిలారస్. ఇంత తెలివైనవాణ్ణి నేనే చక్రవర్తి కొలువులో పైకి తెస్తాను, కానీ ఒక్క చిన్న పని మిగిలింది." తల వెనక్కి తిప్పి, గదికీ లోపలి కొట్టుకీ మధ్య వేలాడుతున్న తెర వైపు కేకేశాడు. "బస్సస్! ఇవతలికి రా."

తెర పక్కకి జరిగింది. ఒక మనిషి బయటికొచ్చాడు. ఎండకి కాలిన ముఖం, బిరుసెక్కిన గడ్డం, చేతిలో శిరస్త్రాణం. నడకలో గుర్రం మీద బతికినవాడి అలవాటు కనిపిస్తోంది. ఇంతసేపూ తెర వెనకే కూర్చుని ఉన్నాడు.

"వీడు పదేళ్ళకు పైగా డాన్యూబ్ ఒడ్డు కోటల్లో చలి కాచుకున్నాడు," అన్నాడు టర్పిలియస్. "పెళ్ళాం కూడా ఆ కొండల మనిషే. ఒక్కడి మాట మీద ఆధారపడటం నాకు అలవాటు లేదు, యుఫేమస్. ఏరా బస్సస్, అంతా విన్నావుగా. ఈ అచ్చులవాడు చెప్పింది, ఆ ఆడమనిషి చెప్పిందీ ఒకటేనా?"

దిజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు గాని ఆమెకి అర్థం కాలేదు, తన మాటలు ఇంకెవరి చెవిలోనో పడ్డాయని.

బస్సస్ ఆమె వైపు చూశాడు. బల్ల మీది నాణేలు చూశాడు. తర్వాత నింపాదిగా హిలారస్ ముందుకు వచ్చి, అతని ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. హిలారస్ కళ్ళలోకి చూస్తూ, రేవు దగ్గర పుట్టి పెరిగినవాడిలా, ఒక్క తప్పు లేకుండా ఆ కొండల భాషలో అడిగాడు:

"మొదటిదానికి సిల్లు పొడిసిందెవులో దొరకి నన్ను సెప్పమంతావా, నువ్వే సెప్తావా?"